శిఖరం రోజు మూట

"వదులురా ప్రశాంత్! పానం పోతది వానికి, వదులు!"

అంబులెన్సు తలుపు ఇంకా సగమే తెరుచుకుంది. లోపల పెట్టెలో జెస్సికా ఉంది. బయట, అదే తలుపుకు అదిమిపెట్టి, ఆమె అన్న ప్రశాంత్ ఒక మనిషి మెడ పట్టుకుని ఉన్నాడు. నలుగురు పట్టి లాగుతున్నా పట్టు వదలడం లేదు.

ఆ మనిషి పేరు శేఖర్. హనుమకొండలో ట్రెక్కింగ్ క్లబ్బు నడుపుతాడు. వరంగల్ పిల్లలను కొందరిని హిమాచల్ కొండల మీదికి తీసుకెళ్ళి, అందులో ఒక పిల్లను ఇలా పెట్టెలో వెనక్కి తెచ్చాడు. చలికి అతని పెదవులు చిట్లి నల్లబడ్డాయి. జెస్సికాను వీపున కట్టుకుని మంచులో దిగినప్పుడు తాడు ఒరుసుకుని మెడ పక్కన తోలు లేచిపోయింది. సరిగ్గా ఆ పుండు మీదే ఉన్నాయి ప్రశాంత్ వేళ్ళు. అయినా శేఖర్ చెయ్యెత్తలేదు. కొట్టించుకోవడానికే వచ్చినవాడిలా నిలబడ్డాడు.

"తిండి వెట్టకుండ సంపినవ్ గదరా నా చెల్లెను! పైసలు దండుకొని, ఉపాసం నడిపించి సంపినవ్!"

ఎస్సై రాజమౌళి మధ్యలోకి దూరి ఇద్దరినీ విడదీశాడు. ముందు రోజు ప్రశాంత్ ఫోన్లో ఫిర్యాదు చేస్తే వచ్చాడాయన.

"సార్, అక్కడి డాక్టర్ ఫోన్ల ఏమన్నడో మీరే విన్నరు. కడుపు ఖాళీ. మెతుకు లేదు. ఒంట్ల నీళ్ళు గూడ లేవన్నడు. ఇంకేం గావాలె మీకు?"

"ఏమయ్యా, నువ్వేమంటవ్?" ఎస్సై శేఖర్ వైపు తిరిగాడు.

"అడిగిన సార్. బయలెల్లేముందు తిన్నవా అని అడిగిన. తిన్న అన్నది. నీళ్ళ సీసా సూపియ్యిమన్న. సూపిచ్చింది. తాగినట్టె ఖాళీగ ఉన్నది." శేఖర్ అంబులెన్సు తలుపు వైపు చూశాడు. "నవ్వుకుంట చెప్పింది సార్. మొహంల అలసట గూడ లేకుండె."

"అడిగిండట!" ప్రశాంత్ మళ్ళీ మీదికి ఉరికాడు.

ఎస్సై అతన్ని వెనక్కి నెట్టి, శేఖర్‌కు అరుగు చూపించాడు. "అక్కడ కూసో. మట్టి అయ్యేదాక కదలకు. తర్వాత స్టేషనుకు పోదాం. నీ నిర్లక్ష్యంతోటి సచ్చిపోయిందని కేసయితది. వేరే సంగతి ఏదన్న ఎవరన్న చెప్తే అది వేరే."

కాజీపేట దగ్గరి ఆ ఇరుకు వీధిలో గోడల వెంట నిలబడ్డవాళ్ళంతా శేఖర్ వైపే చూస్తున్నారు. ఆ చూపుల్లో కేసు అప్పుడే తేలిపోయింది.

గడపలో నిలబడి సుశీల ఇదంతా చూసింది. కన్నతల్లి. ఏడుపు ఇంకా రాలేదు. ఆమె గుండెలో ఒకటే మాట తిరుగుతోంది: నా బిడ్డ ఆకలితో ఎట్లా పోతుంది? ఆ సంగతి తేలకుండా ఆ పిల్ల మీద మట్టి పడకూడదు.

ఎందుకంటే ఆ కొండకు తిండి కట్టింది సుశీలే.

*

జెస్సికా హసన్‌పర్తిలో ఒక ప్రైవేటు బడిలో ఆటల టీచరు. చలికాలం నుంచీ ఇంట్లో ఆ కొండ మాట తప్ప వేరే మాట లేదు. తెల్లారేసరికి హసన్‌పర్తి చెరువు కట్ట మీద పరుగు. ఆదివారం ఆరాధన అయ్యాక బియ్యం నింపిన సంచి వీపున వేసుకుని పాలకుర్తి గుట్ట మెట్లు ఎక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం. గుడికొచ్చిన ముసలమ్మలు ఆగి చూసేవాళ్ళు. "ఏం మొక్కు బిడ్డా ఇది, బియ్యం మోస్తానవ్?" అని ఒకామె అడిగితే, "మొక్కు గాదమ్మమ్మా, కండలు" అని చెయ్యి మడిచి చూపించి వచ్చింది. ఆ మాట చెప్పి ఇంట్లో అందరినీ నవ్వించింది.

బయలుదేరబోయే ముందు శేఖర్ పిల్లల తల్లులందరినీ పిలిచి కూర్చోబెట్టాడు.

"పైకి పోయినకొద్ది ఆకలి సచ్చిపోతదమ్మా. దూప గూడ తెల్వది. గాలి పలచగుంటది. ఒళ్ళు ఊరికె నిలబడ్డా కాలుతనే ఉంటది. ఆకలైతే తినుడు కాదు అక్కడ. ఆకలి లేకున్నా తినాలె. కొంచెం కొంచెం, నడుసుకుంటనే. నీళ్ళు గూడ అంతే. దినాం పొద్దున ఒక్కొక్కళ్ళను అడుగుత, తిన్నవా, తాగినవా, ఒంటికి పోతే ఏం రంగొచ్చింది?"

తల్లులు చెంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. అతను నవ్వలేదు. "నవ్వకున్రి. పసుపు ముదిరిందంటే నేను కిందికి తోలుత. ఎంత ఏడ్చినా వినను."

ఆ మాట సుశీలకు నచ్చింది. ఇంటికొచ్చి పని మొదలుపెట్టింది. నువ్వులు, పల్లీలు, బెల్లంతో లడ్డూలు చేసి, పక్కింటి వాళ్ళ ఫ్రిజ్‌లో గడ్డకట్టే అరలో ఒక పూట పెట్టించి తీసి చూసింది. రాళ్ళయ్యాయి. జెస్సికా ఒకటి కొరికి దవడ పట్టుకుంది. "మమ్మీ, ఇది లడ్డూ గాదు, కంకర!" బెల్లం తగ్గించి ఖర్జూరం, నెయ్యి కలిపి మళ్ళీ చేసింది. మళ్ళీ గడ్డ కట్టించింది. మెత్తగా విరిగేదాకా వదల్లేదు. సత్తుపిండిలో ఇంకాస్త నువ్వులు దంచి కలిపింది. ఉప్పు శనగలు వేయించింది.

తర్వాత పాత చీరలు చించి చిన్నచిన్న మూటలు కుట్టింది. రోజుకొక మూట, మూటకొక చీర. చీకట్లో గుడారంలో తడిమినా ఏ రోజుదో వేళ్ళకు తెలియాలని. శిఖరం ఎక్కే రోజు మూట మాత్రం తన పెళ్ళి తెల్లచీర కొంగులోంచి కత్తిరించింది. చర్చిలో దండ వేయించుకున్న చీర. పీటముడి వేస్తుంటే జెస్సికా పక్కనే కూర్చుని చూసింది.

"ఈ ముడి మీద నాకు నమ్మకం లేదు మమ్మీ. గ్లవ్స్ వేసుకొని ఎట్ల విప్పాలె?"

"పండ్లతోటి విప్పు. తినకుండ మాత్రం రాకు."

ఆ రోజుల్లోనే ఇంట్లో ఒక కష్టం వచ్చింది. ప్రశాంత్ భార్యకు నెలలు నిండకుండానే కాన్పు అయింది. మగపిల్లవాడు. అరచేతిలో పట్టేంత. దవాఖానలో గాజుపెట్టెలో పెట్టారు. చర్చి పెద్దలు, ఇంటివాళ్ళు కలిసి ఆ పసివాడి కోసం గొలుసు ఉపవాసం పట్టారు. రోజుకొకరి వంతు. ఆ ఒక్కరు ఆ రోజంతా పచ్చినీళ్ళు కూడా ముట్టరు. ఒక్కరు తప్పినా గొలుసు తెగినట్టే.

జెస్సికా వంతు సరిగ్గా కొండ మీద ఉండే రోజుల్లో పడింది. సంగతి తెలిసి శేఖర్ మొహం మీదే చెప్పేశాడు, "కొండ మీద ఉపాసమంటే నేను తోలుకపోను."

అప్పుడు ప్రశాంతే చెల్లెలి నెత్తి మీద మొట్టి నవ్వాడు. "నీ వంతు నేనుంట పోవే. నా కొడుకు కోసమే గదా. నువ్వు మంచిగ తిని ఎక్కిరా."

"మాట గదా అన్నా?"

"మాట. నువ్వు ఫికర్ జెయ్యకు."

"మేనత్తను నేను. వాని పేరు గూడ నేనే వెడత, కిందికొచ్చినంక. అప్పటిదాక ఎవ్వరు పెట్టొద్దు."

పసివాడు బతికాడు. పోయిన ఆదివారం ఇంటికి తెచ్చారు. ఇంకా పేరు పెట్టలేదు.

*

పెట్టెను నడింట్లో దించారు. ఆడవాళ్ళు చుట్టూ చేరి గొల్లుమన్నారు. జెస్సికా తండ్రి కృపానందం, రైల్వేలో చేసి రిటైరైన మనిషి, పెట్టె కాళ్ళ వైపు నేల మీద కూలబడి చెక్కను నిమురుతున్నాడు.

సుశీల బిడ్డ తల దగ్గర కూర్చుని ఉన్నిటోపీ మెల్లగా తీసింది.

వాసన వచ్చింది. కొబ్బరినూనె వాసన.

ఆమె చెయ్యి ఆగిపోయింది. మళ్ళీ ముట్టుకుంది. జుట్టు నున్నగా దువ్వి జడ వేసి ఉంది. దవాఖాన మందుల వాసన కింద నూనె జిడ్డు ఇంకా వేళ్ళకు అంటుతోంది.

నూనె గడ్డకట్టే చలిలో, కొండ ఎక్కబోతూ, తలకు నూనె ఎవరు పెట్టుకుంటారు?

ఆ ప్రశ్నకు జవాబు ఆ వీధిలో సుశీలకు తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు. ఎన్నో ఏళ్ళుగా సండే స్కూలు పిల్లలకు ఆ పాఠం చెబుతున్నది ఆమే. ఉపవాసం ఉన్నవాళ్ళు మొహం వేలాడేసుకుని తిరగొద్దు. మొహం కడుక్కోవాలి, తలకు నూనె పెట్టుకోవాలి, నవ్వుతూ ఉండాలి. దేవునికి తప్ప మనిషికి తెలియొద్దు. చిన్నప్పుడు ముందు వరుసలో కూర్చుని, ఆ పాఠం తడుముకోకుండా అప్పజెప్పిన పిల్ల జెస్సికా.

సుశీల లేచింది. మూలన పడేసిన జెస్సికా వీపుసంచి తెరిచి, బట్టలు పక్కకు నెట్టి, అడుగున తడిమింది. నీలిచీర మూట, ఖాళీ. ఆకుపచ్చ చీరది, ఖాళీ. చిలకల చీరది, ఖాళీ. మడిచి పెట్టుకుంది పిల్ల, అమ్మ చీరలని.

అన్నిటికన్నా అడుగున తెల్లమూట. నిండుగా. పీటముడి వేసింది వేసినట్టే ఉంది.

తిండి ఉంది. తినలేదు.

గుమ్మం పక్కన గోడకు తల ఆనించి స్వప్న కూర్చుని ఉంది. చర్చి పాటల బృందంలో జెస్సికా పక్కన నిలబడే పిల్ల. కొండ మీద అదే గుడారంలో పడుకున్న పిల్ల. అంబులెన్సు వచ్చినప్పటి నుంచి ఒక్కమాట మాట్లాడలేదు. సుశీల ఆమె చెయ్యి పట్టి లేపి, వంటింట్లోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరకు వేసింది. తెల్లమూట చేతిలో పెట్టింది.

"నా బిడ్డ ఉపాసం ఉన్నదా?"

స్వప్న ఆ ముడిని చూసింది.

"చెప్పొద్దని మాట దీస్కున్నది ఆంటీ…"

"మాట దీస్కున్నది లోపల పెట్టెల ఉన్నది బిడ్డా. బయట ఇంకొకణ్ణి తోల్కపోతాన్రు. చెప్పు."

స్వప్న నేల మీద కూర్చుండిపోయింది.

"శిఖరానికి ముందు దినం ఆంటీ. క్యాంపు పైన ఒక బండ ఉంటది, అక్కడ నిలబడితేనే సిగ్నల్ వస్తది. బాబెట్లున్నడో తెలుసుకుంటనని జెస్సీ ఫోన్ వట్టుకొని పోయింది. నేను గూడ పోయిన. తొర్రూరుల ఆ దినం ప్రశాంతన్న దోస్తు మధు అన్న పెండ్లి. ప్రశాంతన్ననే ఫొటోలు దీసేది. అన్న స్టేటస్ వెట్టిండు. పెండ్లికొడుకు అన్న నోట్ల చికెన్ ముక్క వెడతాండు, అందరు నవ్వుతాన్రు. ఆ దినం జెస్సీ వంతు ఆంటీ."

సుశీల కళ్ళు మూసుకుంది.

"సూసి ఏం మాట్లాడలే. బండ మీద చానసేపు కూసున్నది. 'గొలుసు తెగింది స్వప్నా, ఇప్పటి సంది రేపు గీ టైం దాక నేనుంట. పిలగాడు గాజుపెట్టెల ఉన్నడు, నేను బువ్వ తినాల్నా?' అన్నది. నేను బతిలాడిన. శేఖరన్నకు చెప్త అన్న. చెప్తే కిందికి తోల్తడు, చెప్పకని చేతులు వట్టుకున్నది. 'మా అన్నకు గూడ ఎప్పుడు చెప్పకు. వాడు భయపడతడు. వాని కొడుకు గదా' అన్నది."

"నూనె?"

"సీసాల నూనె రాయి లెక్కయితే చంకల వెట్టుకొని కరిగిచ్చుకున్నది ఆంటీ. రాసుకొని జడేసుకున్నది. మొహం కడుక్కున్నది ఆ మంచునీళ్ళతోటి. శేఖరన్న సీసా సూపియ్యిమంటడని…" స్వప్న రెండు చేతులతో నోరు నొక్కుకుంది. వేళ్ళ మధ్య నుంచి వచ్చాయి మాటలు. "ఆమె సీసా నీళ్ళు నేను తాగిన ఆంటీ. ఖాళీ జేసి ఇచ్చిన. ఆమె నీళ్ళు నేనే తాగిన."

సుశీల ఆ పిల్ల తలను పొట్టకు అదుముకుంది.

"మీదికి ఎక్కిందా?" అడిగింది.

"ఎక్కింది. అందరికన్న ముందు ఎక్కింది. మోకాళ్ళ మీద కూసొని బాబు కోసం ప్రార్థన చేసింది. ఏదో పేరు వెట్టి పిలిచింది ఆంటీ. గాలికి నాకు ఇనరాలే. దిగేటప్పుడు మాట తడబడ్డది. కాలు ఒకచోట వేస్తే ఒకచోట పడ్డది. శేఖరన్న ఒక్కసారి సూసి వీపున కట్టుకున్నడు. పడుకుంట లేచుకుంట దించిండు. నోట్ల నీళ్ళు పోసిండు, అప్పటికి మింగుత లేదు."

తలుపు కిర్రుమంది. కృపానందం నిలబడి ఉన్నాడు. ఎప్పటి నుంచి వింటున్నాడో, ముఖంలో నెత్తురు చుక్క లేదు. స్వప్నను బయటికి పంపి తలుపు మూశాడు.

"సుశీలా. బయట చెప్పకు."

ఆమె స్వప్న నేల మీద వదిలేసిన తెల్లమూట వైపు చూసింది.

"ఒక బిడ్డ పోయింది. ఇది తెలిస్తే వాడు బతుకుతడా? మొన్ననే కొడుకు ఇంటికొచ్చిండు. వాణ్ణి గూడ పెట్టెల వెట్టాల్నా మనం?"

"శేఖర్?"

"కోర్టుల ఏదో జరుగుతది. వకీలును వెట్టుకుంటడు. బయటపడతడు." తన మాట తనకే నచ్చక ఆయన తల దించుకున్నాడు. "వాడు మన కొడుకు, సుశీలా."

బయట పాట మొదలైంది. సమాధికి తీసుకెళ్ళే ముందు పాడే పాట. దాని మీదుగా ప్రశాంత్ గొంతు వినిపిస్తోంది. "అరుగు మీద గాదు సార్, జీపుల కూసోవెట్టున్రి! నా చెల్లె పోయే తొవ్వల వాడు కనవడొద్దు!"

కిటికీలోంచి సుశీల చూసింది. శేఖర్ లేచాడు. ఎదురు చెప్పకుండా జీపు వైపు నడుస్తున్నాడు. మెడ పక్కన పుండు మళ్ళీ చిట్లి, కాలరు తడిసి ఉంది. తన బిడ్డ చివరి ఊపిరి ఆ మెడ మీదే ఆగిపోయింది.

ఆమె తెల్లమూట తీసుకుని బయటికి నడిచింది.

*

"ఎస్సైగారూ, జర ఆగున్రి."

పాట సగంలో ఆగింది. సుశీల వాకిట్లోకి వచ్చి, అందరి ముందూ ఆ ముడి విప్పడం మొదలుపెట్టింది. గట్టిగా బిగిసి ఉంది. గోళ్ళతో రాలేదు. పళ్ళతో పట్టి లాగింది. నువ్వుల లడ్డూలు చీర కొంగులోకి రాలాయి. ఒక్కటి కూడా విరగలేదు.

"శిఖరం దినం తినుమని నేను కట్టిచ్చిన మూట ఇది సార్. నా ముడి నేనే విప్పుతాన. తిండి ఉన్నది. శేఖర్ తిననియ్యకపోవుడు గాదు. నా బిడ్డనే తినలే. ఉపాసం ఉన్నది. ఆయనకు తెల్వకుండ దాసిపెట్టి ఉన్నది."

జీపు మెట్టు మీద కాలు పెట్టిన శేఖర్ అలాగే ఆగిపోయి వెనక్కి చూశాడు. అంతవరకూ బిగబట్టుకున్న మనిషి ముఖం ఒక్కసారిగా చిన్నపిల్లవాడిలా అయిపోయింది.

"ఉపాసమా?" ప్రశాంత్ విసురుగా ముందుకొచ్చాడు. "ఆమెకేం ఉపాసమమ్మా? వీణ్ణి కాపాడతానవా నువ్వు? ఆమె వంతు నేను…"

మాట అక్కడే తెగిపోయింది.

తల్లి అతన్ని చూస్తోంది. కోపం లేదు ఆ చూపులో. అది ఉన్నా బాగుండేది.

"చెప్పు బిడ్డా. నువ్వున్నవా ఆ దినం?"

"మధుగాడు నోట్ల వెట్టిండమ్మా. వద్దన్న. అందరు నవ్విన్రు. మర్నాడున్న. ఒట్టమ్మా, మర్నాడు పొద్దంత నీళ్ళు గూడ ముట్టలే. దినం మారితే ఏమైతదనుకున్న. ఆమెకెట్ల తెలుసు?"

"స్టేటస్ వెట్టినవ్ గద బిడ్డా."

ప్రశాంత్ చెయ్యి జేబులోని ఫోను మీదికి పోయి, కాలినట్టు వెనక్కి వచ్చింది. మర్నాడు. అతను ఇక్కడ నీళ్ళు ముట్టకుండా ఉన్న రోజున, ఆమె అక్కడ తాళ్ళతో కట్టి ఉంది, ఎవరి వీపు మీదో. అతను వాకిట్లో కూలబడ్డాడు.

ఎస్సై రాజమౌళి టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"అమ్మా, ఫిర్యాదు ఇచ్చింది మీ ఇంటోళ్ళే. ఈయన మీద పేరు వెట్టి ఇచ్చిన్రు. ఈయన గాకుంటే మీ పిల్ల తిండి మానుడుకు ఇంకెవరు కారణం? నేను ఊహించుకుంటే నడువది. మీ నోటితోటి చెప్పాలె."

సుశీల గడప వైపు చూసింది. కృపానందం తల అడ్డంగా ఊపుతున్నాడు, వద్దు, వద్దు అని. ఆయన వెనక కోడలి చేతుల్లో పేరు లేని పసివాడు పాలకు ఏడవడం మొదలుపెట్టాడు.

ఆమె వంగింది. కొంగులోని లడ్డూలు మట్టిలో దొర్లాయి. కొడుకు పక్కన కూర్చుని, వాడి తలను రెండు చేతులతో దగ్గరికి తీసుకుని భుజానికి ఆనించుకుంది, చిన్నప్పుడు జ్వరం వచ్చినప్పుడు పెట్టుకున్నట్టు. అప్పుడొచ్చింది ఆమెకు ఏడుపు. దాన్ని దిగమింగి, వాడి తల మీదుగా, వీధి చివరి ఇంటికి కూడా వినపడేట్టు చెప్పింది.

"నా కొడుకు సార్. ప్రశాంత్."